ముందు మనిషిని అడగండి, డబ్బా సంగతి తర్వాత

ప్రశ్న: జియోక్యాషింగ్, అంటే ఫోన్‌లో దారి చూసుకుంటూ ఎవరో దాచిన డబ్బాలు వెతికే ఆట, మొదలుపెట్టి ఏడాది దాటింది. ఇప్పటికి పదిహేడు క్యాష్‌లు, అంటే అలా దాచిన డబ్బాలు, దొరికాయి. ఇప్పుడు సొంతంగా ఒకటి దాచాలని ఉంది. చోటు కూడా చూసుకున్నాను. వాగు ఒడ్డున ఒకరి తోట ఉంది, దాని చివర పెద్ద బండ, బండ కింద చేయి పట్టేంత సందు. కంచె లేదు, జనం అటుగా నడుస్తూనే ఉంటారు. నీళ్లు చొరబడని డబ్బా కూడా కొనేశాను. తోట యజమానిని అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ ఆట పేరే వినని మనిషికి ఏమని చెప్పాలి? అడగకుండా దాచేస్తే మాత్రం ఎవరికి తెలుస్తుంది? అడిగాక ఆయన వద్దంటే అప్పుడేం చేయాలి?

జవాబు: మీ రెండో ప్రశ్నను ముందు తేల్చేద్దాం. ఎవరికి తెలుస్తుంది అంటే, వెతకాలనుకున్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. డబ్బాను బండ కింద పెట్టి ఆ బండ ఎక్కడుందో మీరే ఊరూవాడా చాటుతారు, ఈ ఆట అంటేనే అది. డబ్బా యజమాని కంట పడకపోవచ్చు. దాని కోసం వచ్చే మనుషులు పడతారు. ఫోన్ చూసుకుంటూ బండ చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి సందులో చేయి పెట్టే కొత్త మనిషిని చూస్తే ఎవరైనా "ఎవరు నువ్వు, ఏం చేస్తున్నావు?" అంటారు. ఆ వచ్చినతను అనుమతి ఉండే ఉంటుందన్న నమ్మకంతో వచ్చాడు. మాట పడేది అతను, మీరు కాదు.

పైగా జియోక్యాషింగ్ సైటులో కొత్త క్యాష్ పేజీ (డబ్బా ఎక్కడుందో చెప్పే పేజీ) సమర్పించడమంటేనే, ఆ చోట పెట్టడానికి తగిన అనుమతి తీసుకున్నానని మీరు మాట ఇస్తున్నట్టు. అడగకుండా పెడితే ఆ మాట అబద్ధం. అడిగే మొహమాటం కన్నా అది బరువైన సంగతి.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నళ్లలో కావాలనే కలుపుతూ వచ్చిన తేడాను 2000 మే నెల మొదట్లో తీసేసింది. అప్పటిదాకా సామాన్యుల రిసీవర్లు వంద మీటర్ల దాకా తప్పు చూపించేవి, ఒక్క రాత్రిలో ఆ తేడా కొద్ది మీటర్లకు దిగింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్ పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో వేశాడు. కొద్ది రోజుల్లోనే మరొకాయన వెళ్లి కనుక్కున్నాడు. ఇప్పుడు ప్రపంచమంతటా అలాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి. దొరికినవాళ్లు లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు.

ఇక మీ తోట సంగతి. యజమానిని అడగడానికి వెళ్లే కొత్తవాళ్లలో చాలామంది డబ్బా గురించే మాట్లాడతారు. ఇంత చిన్నది, ఏ హానీ లేదు, ఎవరికీ కనబడదు అని. ఎదుటి మనిషికి డబ్బాతో బాధేమీ లేదు. బండ కింద అరచేయంత ప్లాస్టిక్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎంతమంది వస్తారు, ఏ వేళప్పుడు వస్తారు, బండి ఎక్కడ ఆపుతారు, మొక్కలు తొక్కుతారా, ఇవీ ఆయన మనసులో తిరిగే ప్రశ్నలు. మీరు అడుగుతున్నది డబ్బాకు చోటు కాదు, ముక్కూ మొహం తెలియని మనుషులకు దారి. అలా అనుకుని వెళితే ఏం చెప్పాలో మీకే తోస్తుంది. కంచె లేకపోవడం కూడా అనుమతి కాదు. అటుగా రోజూ నడిచేవాళ్లు ఆయనకు ముఖపరిచయం ఉన్నవాళ్లు కావచ్చు. వాళ్లను ఏమీ అనడంలేదంటే అందరినీ రమ్మన్నట్టు కాదు.

ఆయన దగ్గరికి వెళ్లే ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఆ చోటు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. రెండు వేర్వేరు క్యాష్‌ల డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్నది సైటు నియమం. మ్యాప్‌లో దగ్గర్లో ఏమీ కనబడలేదని ధీమా పడకండి. పజిల్ క్యాష్‌కు, అంటే చిక్కుప్రశ్న విప్పితేగానీ చోటు తెలియనిదానికి, మ్యాప్‌లో చూపించే గుర్తు ఒకచోట ఉంటుంది, అసలు డబ్బా ఇంకోచోట ఉంటుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దారి చూపిస్తూ సాగే మల్టీ క్యాష్‌లో మధ్య మజిలీల డబ్బాలు అసలు కనిపించవు. కాబట్టి క్యాష్ పేజీ చిత్తుప్రతి ఒకటి తయారుచేసి, మీ కోఆర్డినేట్లు (అక్షాంశ రేఖాంశాలు) పెట్టి, ఈ చోటు ఖాళీయేనా అని మీ ప్రాంతపు రివ్యూయర్‌ను, అంటే కొత్త పేజీలను పరిశీలించే మనిషిని, అడగండి. రివ్యూయర్లు జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు, మర్యాదగా అడిగితే చెబుతారు. యజమానిని బతిమాలి ఒప్పించాక ఆ చోటు కుదరదని తెలిస్తే మళ్లీ ఆయన గుమ్మం తొక్కడం కష్టం.

తర్వాత, అసలు యజమాని ఎవరో తేల్చుకోండి. తోటలో కనిపించే మనిషి కాపలాదారు కావచ్చు, కౌలుకు చేసేవారు కావచ్చు. కాపలాదారు "పెట్టుకోండి, ఏముంది" అంటే అది మంచితనమే గానీ అనుమతి కాదు, రేపు మాట వచ్చేది ఆయన ఉద్యోగానికి. కౌలుదారు ఉంటే ఇద్దరినీ అడగండి. కాగితం మీద హక్కు ఒకరిది, రోజూ మనుషుల్ని చూడాల్సింది ఇంకొకరు. ప్రభుత్వ స్థలమైతే ఆ పార్కునో అడవినో చూసుకునే కార్యాలయాన్ని అడగాలి. కొన్ని సంస్థలకు ఈ విషయంలో ముందే నియమాలున్నాయి. ఉదాహరణకు అమెరికా జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టి వదిలేయడం కుదరదు. బ్రిటన్‌లో జియోక్యాషర్ల సంఘం ఒకటి భూయజమానులతో కుదిరిన ఒప్పందాలను ఒకచోట నమోదు చేసి ఉంచుతోంది. మీ ప్రాంతంలో ఏ నియమం ఉందో రివ్యూయర్‌నే అడగండి.

మాట్లాడటానికి వెళ్లేటప్పుడు డబ్బా చేత్తో పట్టుకెళ్లండి. కొనేశారు కాబట్టి ఇందుకు పనికొస్తుంది. తెరిచి చూపించండి, ఆయన చేతికివ్వండి. ఫోన్‌లో ఆ చుట్టుపక్కల క్యాష్‌ల మ్యాప్ చూపిస్తే ఇది మీరొక్కరే కల్పించిన వ్యవహారం కాదని అర్థమవుతుంది. ఉపగ్రహాల కథ, ఆట చరిత్ర అక్కర్లేదు. నేనైతే ఇంతకు మించి చెప్పను:

"అయ్యా, ఫోన్‌లో దారి చూసుకుంటూ దాచిన డబ్బాలు వెతికే ఆట ఒకటుంది. అలాంటి డబ్బా ఒకటి మీ తోట చివరి బండ కింద పెట్టుకోవచ్చా అని అడగడానికి వచ్చాను. పెడితే అప్పుడప్పుడూ మనుషులు వస్తారు. మొదటి కొద్ది రోజులు కాస్త ఎక్కువగా రావచ్చు, తర్వాత తగ్గిపోతారు. వాగు వెంట ఉన్న బాటలోనే రమ్మని, పగలే రమ్మని, మొక్కల్లోకి దిగొద్దని రాసి పెడతాను. తవ్వడం, మేకులు కొట్టడం ఉండదు. డబ్బా బాగోగులు నేనే చూసుకుంటాను. ఎప్పుడు వద్దనిపించినా ఒక్క ఫోన్ చేయండి, వచ్చి తీసేస్తాను. ఇప్పుడే చెప్పాలని లేదు, ఆలోచించుకుని చెప్పండి."

చివరి వాక్యం మర్చిపోకండి. నిలబెట్టి అడిగితే చాలామంది మొహమాటానికి సరే అంటారు. ఆ సరే ఎక్కువకాలం నిలవదు, మొదటి కొత్త మొహం కనబడగానే మనసు మారుతుంది.

ఆయన అడగబోయే వాటికి జవాబులు ముందే అనుకుని వెళ్లండి. ఇందులో మీకేం లాభం అని తప్పకుండా అడుగుతారు. ఏమీ లేదు, వ్యాపార ప్రచారం కోసం క్యాష్ పెట్టడం సైటు సాధారణంగా ఒప్పుకోదు, సరదా తప్ప ఇందులో ఇంకేమీ లేదని చెప్పండి. డబ్బాలో ఎవరైనా పాడు వస్తువు పెడితే? మద్యం, మత్తుమందులు, ఆయుధాలు, పేలే వస్తువులు పెట్టకూడదని నియమం ఉంది, ఎప్పుడైనా తెరిచి చూసుకునే హక్కు ఆయనకుందని చెప్పండి. లోపల ఏముందో బయటికే కనిపించే డబ్బా అయితే ఈ ప్రశ్న సగం అక్కడే తీరిపోతుంది. ఎంతమంది వస్తారంటే ఊహించి అంకె చెప్పకండి. చుట్టుపక్కల ఉన్న రెండు మూడు క్యాష్‌ల పేజీలు తెరిచి, ఈమధ్య ఎన్ని లాగ్‌లు (వెతికినవాళ్లు పేజీలో రాసే మాటలు) పడ్డాయో ఆయన కళ్లముందే చూడండి.

కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది: ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే? "పూచీ అంతా నాది" అని గబుక్కున అనేయకండి. ఇలాంటి వాటిలో చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మీ నోటిమాటకు అక్కడ ఎంత విలువో చెప్పలేం. మీ చేతిలో ఉన్నది చెప్పండి: బండ ఎక్కాల్సిన పని లేకుండా, నేల మీద నిలబడి చేయి చాపితే అందేలా పెడతాను, పేజీలో కూడా అదే రాస్తాను అని. ఆయనకు ఇంకా అనుమానంగా ఉంటే తన లాయర్‌ను అడిగి చెప్పమనండి, అప్పటిదాకా ఆగండి.

ఒప్పుకుంటే ఆ మాటను రాతలో ఉంచుకోండి. స్టాంపు కాగితాలేమీ వద్దు. ఫలానా చోట, ఫలానా డబ్బా, ఫలానా దారి, ఫలానా వేళలు అని ఒక మెసేజ్ పంపి ఆయన "సరే" అని తిరిగి పంపితే చాలు. బండ ఫొటో కూడా అందులోనే పెట్టండి. "తోటలో ఎక్కడో" అన్న అనుమతి రేపు గొడవకు దారి తీస్తుంది. ఎవరు, ఎప్పుడు అనుమతి ఇచ్చారో రివ్యూయర్‌కు రాసే నోట్‌లో చెప్పండి. ఆ నోట్ పేజీ బయటికి వచ్చాక అందరికీ కనిపించదు. అందరూ చూసే పేజీలో "యజమాని అనుమతితో పెట్టినది" అన్నంత వరకే ఉండాలి. ఆయన పేరు, ఫోన్ నంబరు అక్కడ వేయకండి. మీ పేరు, ఫోన్ నంబరు మాత్రం ఆయన దగ్గర ఉండాలి. తోట చేతులు మారితే పాత అనుమతి చెల్లదు, కొత్తాయనను మళ్లీ అడగాల్సిందే.

వేళల విషయంలో ఒక హెచ్చరిక. కొత్త క్యాష్ పేజీ బయటికి రాగానే మొదట తామే కనుక్కోవాలని పరుగెత్తేవాళ్లుంటారు. వాళ్లకు అర్ధరాత్రి, వాన అన్న తేడాలుండవు. పగలే రావాలన్న షరతును పేజీలో మొదటి వాక్యంగా రాయండి, ఇరవైనాలుగు గంటలూ అందుబాటులో ఉండదని తెలిపే గుర్తు కూడా పెట్టండి. అయినా ఒకరిద్దరు టార్చి వేసుకుని రావచ్చని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. పేజీ వచ్చిన రోజున ఒక మెసేజ్ పెట్టండి. ముందు తెలిస్తే ఆయనకు అది ముచ్చట, తెలియకపోతే కంగారు.

కంగారు అంటే నిజంగానే కంగారు. 2011లో ఇంగ్లండ్‌లోని వెథర్‌బీ పట్టణంలో ఒక కేఫ్ ముందు పెట్టిన చిన్న క్యాష్ డబ్బాను చూసి ఎవరో బాంబు అనుకున్నారు. పోలీసులు వచ్చారు, వీధి ఖాళీ చేయించారు, సైన్యంలోని బాంబు నిపుణులు దాన్ని పేల్చేశారు. అందుకే డబ్బా పైన ఇది జియోక్యాష్ అని, దాని కోడ్, సంప్రదించాల్సిన వివరం స్పష్టంగా రాసి ఉండాలి. వైర్లు, టేపు చుట్టిన పైపుముక్కలు చూడ్డానికి సరదాగా ఉన్నా వాటి జోలికి పోకండి. స్కూళ్లు, విమానాశ్రయాలు, రైలు పట్టాలు, వంతెనలు, ఆనకట్టలు, ఈ చోట్లన్నీ మొదటి క్యాష్‌కు పనికిరావు.

మిగతా పనులు తేలిక. డబ్బా నీళ్లు ఆపుతుందో లేదో ఒక రాత్రి నీళ్ల బకెట్‌లో ముంచి చూడండి, లోపల టిష్యూ కాగితం వేసి మూత పెడితే తెల్లారేసరికి తెలిసిపోతుంది. లాగ్‌బుక్‌ను జిప్ కవర్‌లో పెట్టండి. పెన్ను కంటే పెన్సిల్ నయం, తడికి సిరా అలుక్కుపోతుంది. తినే వస్తువులు, వాసనొచ్చే సబ్బులు పెడితే వెతికేవాళ్లకంటే ముందు ఎలుకలు కనుక్కుంటాయి. వాగు పొంగితే ఆ బండ కిందికి నీళ్లు వస్తాయేమో తోటాయననే అడగండి, ఆయనకన్నా బాగా చెప్పగలవాళ్లు లేరు. డబ్బా కోసం గొయ్యి తీయకండి, ఉన్న సందులోనే పట్టాలి.

కోఆర్డినేట్లను మ్యాప్ మీద వేలు పెట్టి తీసుకోకండి. చోటుకు వెళ్లి, ఫోన్‌ను కాసేపు కదలకుండా ఉంచి చూడండి. పెద్ద బండ, చెట్లు పక్కనే ఉంటే సిగ్నల్ అటూ ఇటూ గెంతుతుంది. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వైపుల నుంచి వచ్చి తీసుకున్న అంకెలకు సగటు కట్టండి. కోఆర్డినేట్లలో డిగ్రీల తర్వాత వచ్చే నిమిషాల మూడో దశాంశ స్థానంలో ఒకటి తేడా వస్తే ఉత్తర దక్షిణాలుగా సుమారు 1.85 మీటర్ల తేడా వస్తుంది. అక్కడ పది తేడా వస్తే దాదాపు పద్దెనిమిది మీటర్లు, అంటే వెతికేవాళ్లు తోట మధ్యలో మొక్కల్లో ఉంటారు. మీరు ఇచ్చిన మాట తప్పినట్టు అక్కడ తేలుతుంది. బండి ఆపే చోటును, బాట మొదలయ్యే చోటును కూడా పేజీలో వేర్వేరు గుర్తులుగా చేర్చండి. లేకపోతే ఫోన్ చూపించిన సూటిదారిలో పడి వస్తారు. బండ కింద సందులో ఉందని చిన్న హింట్ ఇచ్చేయండి. తెలివైన దాపరికం కన్నా ఇతరుల స్థలంలో తొందరగా దొరికే డబ్బానే మంచిది. ఎంత తొందరగా దొరికితే అంత తక్కువ తొక్కుడు.

పదిహేడు దొరికాయన్నారు. దాచే ముందు కనీసం ఇరవై అయినా వెతకమని సైటు సలహా ఇస్తుంది. అది నియమం కాదు, మంచి సలహా. మిగిలిన మూడింటినీ వెతికేవాడిలా కాకుండా పెట్టబోయేవాడిలా చూడండి. ఏ డబ్బాలో నీళ్లు చేరాయి, ఏ క్యాష్ చుట్టూ గడ్డి నేలమట్టమై అడ్డదారులు పడ్డాయి, ఏ పేజీ చదివాక ఎటు నడవాలో సందేహం రాలేదు? వెళ్లిరావడానికి ఆ తోట మీకు ఎంత దగ్గర అన్నదీ ఆలోచించండి. దొరకలేదని రెండు మూడు లాగ్‌లు వరసగా పడితే మీరు పోయి చూడాలి. చూడలేని రోజు వస్తే పేజీ మూసేయడం ఒక్కటే చాలదు, డబ్బాను కూడా తెచ్చుకోవాలి.

ఇక వద్దంటే ఏం చేయాలన్న ప్రశ్న. "సరేనండీ, విన్నందుకు థ్యాంక్స్" అని వచ్చేయండి. ఎందుకని అడగకండి, ఆయన తమ్ముడిని పట్టుకోకండి. జవాబే చెప్పకపోతే అది కూడా వద్దన్నట్టే లెక్క. తోట హద్దుకు ఒక అడుగు అవతల పెడదామన్న ఆలోచన తప్పకుండా వస్తుంది, అదీ వద్దు. మనుషులు నడిచేది ఆ తోటలోంచే. డబ్బా లేని ఎర్త్‌క్యాష్ పెడితే ఇబ్బంది ఉండదు కదా అని కొందరంటారు. బండలు, నేల స్వరూపం చూసి ప్రశ్నలకు జవాబులు పంపే ఆ రకం క్యాష్‌లు 2004లో ఆస్ట్రేలియాలో మొదలయ్యాయి. అందులో దాచేదేమీ లేకపోయినా స్థలం చూసుకునేవారి అనుమతి కావాలి, వచ్చేది మనుషులే కదా.

ఒక్క వెసులుబాటు ఉంది. వాగు బాట అందరిదీ అయితే, ఆ బాట మీద నిలబడితే బండ కనిపిస్తుంటే, దాన్ని మల్టీ క్యాష్‌లో ఒక మజిలీ చేయండి. బండ మీద ఎన్ని చీలికలు కనిపిస్తున్నాయి లాంటి ప్రశ్న అడిగి, ఆ జవాబుతో చివరి చోటు దొరికేలా చేయొచ్చు. తోటలోకి ఎవరూ అడుగు పెట్టరు. చివరి డబ్బా పెట్టే చోటుకు మాత్రం మళ్లీ ఎవరో ఒకరిని అడగాలి. అక్కడికి వెళ్లే ముందు 161 మీటర్ల లెక్క ఇంకోసారి చూసుకోండి.